నాంచారమ్మ ఎడమ బుగ్గ

1997 జూన్ 14

ఉక్కపోత. పొద్దుటి నుంచి ఇరవై మంది దాకా వచ్చారు, సగం జ్వరాలే. చేపలమ్మే నాంచారమ్మ చివర్లో వచ్చింది, గంప బయట దించి. ఎడమ బుగ్గ లోపల పుండు. పప్పుబద్దంత. కారం తగిలితే మండుద్దంటోంది. వేడి చేసిందన్నాను. బి-కాంప్లెక్స్ సూది, పైన పూయడానికి ఊదా మందు. మజ్జిగన్నం తినమన్నాను. పొగాకు కాడ ఆ బుగ్గనే పెట్టుకుంటుంది — మానెయ్యమంటే నవ్వింది.

జూన్ 25

నాంచారమ్మ మళ్ళీ. పుండు అక్కడే. మాత్రలు మార్చాను.

జూలై 9

మూడోసారి. కొంచెం తగ్గిందండీ, అంది. నన్ను నొప్పించకూడదని అన్నట్టుంది... నాకైతే తగ్గినట్టు కనపడలేదు. వేడి పుళ్ళయితే ఇవాళ నాలిక మీద, వారానికి పెదవి లోపల. వస్తాయి, పోతాయి. ఇది కదలట్లేదు.

జూలై 19

గుడివాడలో నేను కాంపౌండరుగా చేసిన రోజుల్లో పెద్ద డాక్టరు గారు చెప్పిన మాట ఇవాళ కరకట్ట మీద సైకిలు తొక్కుతుంటే గుర్తొచ్చింది. నోట్లో పుండు ఒకేచోట మూడు వారాలు మానకపోతే మన చేతిలో పెట్టుకోకూడదు, పంపెయ్యాలి. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదు వారాలు.

పంపలేదు.

ఎందుకో ఇక్కడైనా రాయాలి. కిందటేడు కడుపునొప్పి మనిషినొకణ్ణి బందరు పంపితే, ఈయనకొచ్చింది సూదెయ్యడం ఒక్కటేరా అనుకున్నారు ఊళ్ళో. నిజమే. ఉప్పెన తర్వాత కలరా సూదులు వేసేవాళ్ళతో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. డాక్టరు గారూ అని పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా పలుకుతున్నాను.

ఆగస్టు 3

సుశీల వడ్డిస్తూ — ఆ నాంచారమ్మని ఒకసారి బందరు పంపించొచ్చుగా. నువ్వు నాకు వైద్యం చెప్తావా అన్నాను. పచ్చడి గిన్నె నా ముందు పెట్టేసి లోపలికెళ్ళిపోయింది. భోజనం అయ్యేదాకా మళ్ళీ రాలేదు.

ఆగస్టు 11

నాంచారమ్మకి వాపు తగ్గే సూది వేశాను. బలమైనది.

ఆగస్టు 16

నొప్పి పోయిందని సంబరపడిపోతోంది. పండుగప్ప తెచ్చింది, అరిటాకులో చుట్టి. గంపలో మంచిది మీకోసం తీసి ఉంచానండీ అంది. సుశీల పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆ సూది పుండుని మాన్పదు, నొప్పిని కప్పుతుంది. తెలుసు. తెలిసే తిన్నాను.

సెప్టెంబరు 2

వేలు పెట్టి చూశాను నిన్న. నిన్న రాయలేదు. పుండు అంచు పైకి లేచింది, గట్టిగా ఉంది. కండలా లేదు, కాయలా ఉంది.

మాత్రలే ఇచ్చి పంపాను.

సెప్టెంబరు 14

దవడ కింద గడ్డ. వేరుశనగ గింజంత. నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోవట్లేదు. చెవిలోకి పోటు పొడుస్తోందట. భయమేసింది. ఆవిడ కోసమా, నా కోసమా...

విరిగిన పన్ను గుచ్చుకుంటున్నట్టుంది, బందరు పెద్దాసుపత్రిలో పళ్ళ డాక్టరుకి చూపిద్దాం, నేనూ వస్తాను అన్నాను. పన్ను విరిగిన మాట అబద్ధం కాదు. నేను చెప్పింది మాత్రం నిజం కాదు.

సెప్టెంబరు 17

బందరు వెళ్ళొచ్చాం. కొడుకు కోటి వేటకెళ్ళాడు, అందుకని ఇద్దరమే. అవనిగడ్డలో బస్సు మారాం. కొత్త చీర కట్టుకుంది నాంచారమ్మ.

పళ్ళ డాక్టరు చిన్నావిడే, మా ఆఖరి చెల్లెలి వయసుంటుంది. టార్చి వేసి చూసింది. తొడుగు వేసుకుని వేలితో అంచు నొక్కింది. నొక్కి, ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు.

ఎన్నాళ్ళైందమ్మా అని అడిగింది. మూడు నెలలండి. ఇన్నాళ్ళూ ఎవరికి చూపించావు?

నేను వెనకాలే నిలబడి ఉన్నాను. నాంచారమ్మ నా వైపు చూడలేదు.

"ఎవరికీ చూపించలేదండి. నేనే అశ్రద్ధ చేశాను. ఈయన మా ఊరాయన, తోడొచ్చారు."

డాక్టరు ఆవిణ్ణి కోప్పడింది. గంపలో చేప పాడైతే మాత్రం ఇట్టే కనిపెడతావే, నోట్లో పుండు కనపడలేదా అని. నాంచారమ్మ తల వంచుకుని కూర్చుంది, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

తర్వాత డాక్టరు నా వైపు తిరిగి, మీరేం చేస్తుంటారండీ, అని అడిగింది.

"వ్యవసాయం" అన్నాను.

నాకు సెంటు పొలం లేదు.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. బస్సులో నాంచారమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చల్లపల్లి దాటాక, ఎండ నా మీద పడుతోందని, రెక్క కిందికి లాగింది.

సెప్టెంబరు 18

తలుపు తియ్యలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాను సుశీలతో. చెప్పింది.

సెప్టెంబరు 29

రిపోర్టు తేవడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. క్యాన్సరే.

డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. మొదట్లో వచ్చుంటే కొంచెం కండ కోస్తే సరిపోయేదట. ఇప్పుడు బుగ్గతో పాటు దవడ ఎముక కొంత తియ్యాలి, మెడలో గడ్డలూ తియ్యాలి, ఆ పైన రేడియేషను, అదే కరెంటు పెట్టాలి. గుంటూరు వెళ్ళమని చీటీ రాసింది.

లేచాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

నేను వ్యవసాయం చెయ్యనండీ, అన్నాను. మిగతాది అదే వచ్చేసింది, ఊదా మందు దగ్గర్నుంచి బలమైన సూది దాకా. ఆవిడ కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కలం మూత పెట్టి అడిగింది — ఇంకెవరికైనా ఇలాంటి పుండొస్తే ఎన్నాళ్ళు చూసి పంపుతారు?

మూడు వారాలండీ.

"అయితే తెలుసన్నమాట" అంది.

బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 30

నాంచారమ్మకీ కోటికీ చెప్పాను. రోగం పేరు చెప్పాను. నా సంగతి చెప్పలేదు. నోరు తెరిచేలోపే కోటి నా రెండు చేతులూ పట్టుకున్నాడు — మీరు కనిపెట్టబట్టి సరిపోయింది డాక్టరు గారూ, మాకేం తెలుసు.

నాంచారమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. తల ఎత్తలేదు.

అక్టోబరు 8

గుంటూరులో ఆపరేషను ఇవాళ. కోటి వెంట ఉన్నాడు. నేను వెళ్ళలేదు. వెళ్తే కోటి అందరికీ మా డాక్టరు గారని చెప్తాడు.

అక్టోబరు 9

బతికింది. పక్కింటివాళ్ళకి కబురొచ్చింది.

అక్టోబరు 21

ఒక ముసలాయన నాలిక పక్కన పుండని వచ్చాడు. పన్ను ఒరుసుకుంటోంది. రెండు వారాల్లో మానకపోతే బందరు వెళ్ళాలని చెప్పాను. ఏదో ఒక సూదెయ్యండి అని బతిమాలాడు. వెయ్యనన్నాను. గొణుక్కుంటూ వెళ్ళాడు. ఏదో ఘనకార్యం చేసినట్టు అనిపించింది ఒక్క క్షణం. సిగ్గేసింది.

నవంబరు 6

నాంచారమ్మ గుంటూరు నుంచి ఇంటికొచ్చింది. ఊరంతా వెళ్ళి చూసొచ్చింది, సుశీల కూడా. నేను వెళ్ళలేదు. ఎడమ పక్క మొహం లోపలికి పోయిందట. మాట ముద్దముద్దగా వస్తోందట. గంజి, అదీ గొట్టంతో.

సుశీల చెప్పడం ఆపి నన్ను చూసింది. ఆగస్టులో నేనన్న మాట గుర్తు చెయ్యలేదు. చేసినా బాగుండేది.

నవంబరు 12

వెళ్ళాను. కోటి పడవ దగ్గరున్నాడని తెలుసుకునే వెళ్ళాను. అదీ రాయాలి.

నులక మంచం మీద కూర్చునుంది, మొహం చుట్టూ తువ్వాలు. నేల మీద కూర్చోబోతే తల అడ్డంగా ఊపి పీట చూపించింది. కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"నాంచారమ్మా, నీకు పన్ను గుచ్చుకోలేదు. అది మామూలు పుండు కాదని నాకు జూలైలోనే అనుమానమొచ్చింది. పంపాలని తెలిసీ పంపలేదు. నాకు తెలియదంటారని."

నన్నే చూసింది. కళ్ళల్లో కోపముంటే పట్టుకునేవాణ్ణి. ఏముందో తెలియలేదు. ఆ రోజు బందరులో డాక్టరుతో అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. తువ్వాలు తీసింది. నేను చూడాలనే తీసిందేమో. చూశాను. కుట్లు చెవి కింద నుంచి మెడ దాకా. ఏదో అంది, రెండు మాటలు — నాకు అర్థం కాలేదు. ఏమన్నావు అని అడిగే ధైర్యం లేకపోయింది.

అటు తిరిగి పడుకుంది. వచ్చేశాను.

నవంబరు 13

ఆ రెండు మాటలేమిటో. ఊరికి ఒకరు కావాలని "మీరుండాలి" అందా... "మీరెళ్ళండి" అందా.

నవంబరు 19

సాయంత్రం కోటి వచ్చాడు. పడవకి మరమ్మతు అయింది, తారు పూశారు, రేపు పొద్దున నీళ్ళలోకి దించుతున్నారు. పై వారం తల్లిని కరెంటు పెట్టించడానికి మళ్ళీ గుంటూరు తీసుకెళ్తాడు, ఈలోపు ఒక్క వేటైనా వెళ్ళొస్తాడట. కొబ్బరికాయ నన్ను కొట్టమంటున్నాడు.

నేనెందుకురా, మీ కులపెద్ద ఉన్నాడుగా అన్నాను.

"అమ్మే చెప్పిందండీ. మీ హస్తవాసి మంచిదని, మీ చేత్తోనే కొట్టించమంది. తనూ వచ్చి కూర్చుంటానంది."

నా గురించి తల్లి ఇంకేమైనా చెప్పిందా అని అడిగాను. ఇంకేం చెప్తుందండీ, అన్నాడు. వాడి మొహంలో ఏమీ లేదు.

సుశీల ఉతికిన చొక్కా తీసి కుర్చీ మీద పెట్టింది. వెళ్తారా, అంది.

పొద్దున ఏడింటికి. రేవు దగ్గర. ఊరంతా ఉంటుంది.