పండగ తులసి

జుల్మీరా, నేను కులాసా, బెంగపడకు. లిస్బన్‌లో పండగ. మొరారియాలో పాటలు, బైరు ఆల్తులో తాగుళ్ళు, మా ఆల్ఫామా పేటలో గుమ్మం గుమ్మానా చేపల పొగ. కవళ్ళ చేపలు కాల్చి కాల్చి నా చేతులు నీచు కంపు. నీకని కొన్న పండగ తులసిని ఆచారం ప్రకారం అరచేత్తో నిమిరి చెయ్యి వాసన చూస్తే చేపే తగిలింది. అందుకని వంగి ముక్కే పెట్టాను.

హోటలావిడ ఎర్మెలిండా కేకలేసింది: "ముక్కు తగిలాక ఆ మొక్క ఇక బతికినట్టే! పెళ్ళాం మీద బెంగైతే ఉత్తరం రాసుకోరా, తులసినెందుకు చంపుతావ్?"

అందుకే ఈ కార్డు. చంటిదానికి పళ్ళొచ్చాయా? మేక ఈనిందా? వానలకు ముందే పెంకులు సర్దించు. అత్తయ్యకు నా దండాలు.

కార్డు మూలన తులసాకు నలిపి రుద్దాను. నువ్వు మాత్రం ముక్కు పెట్టకు, అరచేత్తో నిమిరి చూసుకో.

నీ అడెరీతు