కిక్కిసలో దారి

నవంబరు 3, 1935. ఆదివారం.

ఇంటి నిండా బురద కాళ్లు. ఏలూరు నుంచి వచ్చిన వాలంటీర్లు మా డిస్పెన్సరీ వరండాలో కూర్చుని ఉప్మా తిన్నారు, చేతులు నా రోగుల బెంచీకి తుడిచారు, వెళ్లారు. ఖాకీ నిక్కర్లు, కొత్త కాన్వాసు జోళ్లు. ఐదేళ్ల కిందట వాలంటీరు అంటే ఉప్పు వండి లాఠీదెబ్బలు తిన్నవాడు. ఇప్పుడు వాలంటీరు అంటే ఉప్మాలో ఉప్పు చాలలేదని నాతో చెప్పేవాడు.

మా రేవు నుంచి లంకల దాకా కొల్లేట్లో కిక్కిస గడ్డి కోసి పడవదారి తెరవటం వీళ్ల పనిట. పాత దారి పూడిపోయి మూడేళ్లయింది. కిక్కిస మనిషికి రెండింతలు పెరిగింది, దాని అడుగున తూడూ నాచూ జడలల్లుకున్నాయి. లంకలవాళ్లు ఇప్పుడు చుట్టూ తిరిగి రావాలంటే ఒక పూట పడుతుంది. తిన్నగా వస్తే గంటన్నర.

ఇదంతా లంకల మీద ప్రేమ కాదు. ఏలూరు పెద్దమనుషులు లేక్ క్లబ్బు అని ఒకటి పెట్టారు. చలికాలం బోటింగుకీ పరజ పిట్టల వేటకీ దొరలు రావాలి, వాళ్ల పడవలకు దారి కావాలి. సెక్రటరీ ప్లీడరు భీమశంకరం గారు. కూలి ఇవ్వక్కర్లేకుండా దానికి సేవ అని పేరు పెట్టారు.

ఆ సేవకు కెప్టెను మా నాన్నగారు. మిషను బడి హెడ్మాస్టరు ఎలీయాజరు గారంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవటం లేదు ఆయనకి. భీమశంకరం గారు నాలుగుసార్లు మాస్టారండీ అన్నారు, ఈయన వెన్నలా కరిగిపోయారు.

నవంబరు 7.

పొద్దుటి నుంచీ జలగలు పీకటమే పని. కాళ్లన్నీ లంకలవాళ్లవే. ఏలూరు వాలంటీర్లు గట్టు మీద నిలబడి ఎలా కోయాలో చెబుతున్నారట.

నవంబరు 17. ఆదివారం.

ఈ రోజు నాన్నగారు నాకు నచ్చారు. రాసి పెట్టుకోవాలి, ఈ నెలలో ఇంకేదీ నచ్చలేదు కనుక.

పని సగంలో ఆగింది. లంకలవాళ్లు కొడవళ్లు కింద పెట్టేశారు. వలలు మానుకుని పక్షం రోజులుగా మొలలోతు చలినీళ్లలో నిలబడుతున్నాం, ఈ దారి రేపు మాకు మిగులుతుందా అండీ అని వాళ్ల పెద్ద ముసలయ్య అడిగాడట. భీమశంకరం గారు ఏదో లా పాయింటు చెప్పబోయారు. నాన్నగారు ఆయన్ని ఆపి పడవ మీద లేచి నిలబడ్డారు. రోగమో నొప్పులో వచ్చిన మనిషి ఏ వేళ వచ్చినా ఈ దారి మీది, మిమ్మల్ని ఆపేవాడుంటే ముందు నన్ను దాటి రావాలి, ఇది నా మాట అన్నారు.

ముసలయ్య కాసేపు ఆయన మొహంలోకి చూసి, మాస్టారు గారు అన్నాక ఇంకేముందండీ అన్నాడు. అందరూ మళ్లీ నీళ్లలో దిగారు.

ఆ మాట ఆయన ఎందుకన్నారో నాకు తెలుసు. శ్రావణంలో పెద్దింటమ్మ అనే పిల్లని కాన్పు కష్టమై ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళుతుంటే, చుట్టుదారిలో, పడవలోనే, నా ఒళ్లోనే పోయింది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటే నాన్నగారు నా చేతుల మీద నీళ్లు పోసి రక్తం కడిగారు. ఆయన మరిచిపోలేదన్నమాట.

డిసెంబరు 1. ఆదివారం.

దారి తెరిచారు. రిబ్బను కట్టి కత్తిరించారు, నీళ్లకి రిబ్బనేమిటో. ఫోటోగ్రాఫరు వచ్చాడు. చొక్కాలు లేనివాళ్లు కాస్త పక్కకి జరగాలి అని భీమశంకరం గారు మర్యాదగా అన్నారు. అంటే కోసినవాళ్లందరూ. ఫోటోలో ప్లీడర్లు, గుమాస్తాలు, ఒక శుభ్రమైన కొడవలి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. నాన్నగారు మధ్యలో కుర్చీలో కూర్చున్నారు. లంకలవాళ్లను కూడా నిలబెట్టమని ఆయన చెబుతారేమో అని చూశాను. చొక్కా గుండీ సవరించుకున్నారు.

డిసెంబరు 9.

ఛీ. రేవంతా కమలాపండు తొక్కలు, సీసాలు, ఈకలు. గ్రామఫోను పెట్టె మోసుకొచ్చి పడవలో పెట్టుకున్నారు. తాడేపల్లిగూడెం రైసుమిల్లు ఆయనొకరు బ్రాందీ తాగి మా డిస్పెన్సరీ మెట్ల మీద కక్కి, నర్సమ్మగారూ సోడా ఉందా అని అడిగారు. పరజలని కాళ్లు కట్టి గుత్తులుగా వేలాడదీశారు. కొన్ని ఇంకా కళ్లు మూసి తెరుస్తున్నాయి. తినటానికైతే తినండి, నేనూ తింటాను. ఇన్నేసి ఎవరు తింటారు? సాయంత్రానికి కంపు. సగం గట్టు మీదే పారేసి పోయారు.

లంకల నుంచి రోగులు మాత్రం వస్తున్నారు. గంటన్నరలో వస్తున్నారు. అందుకని మెట్లు నేనే కడిగి ఊరుకున్నాను.

డిసెంబరు 16.

రేవు దగ్గర దారికి అడ్డంగా ఈ మూల నుంచి ఆ మూలకు ఒక లావుపాటి వెదురు వేశారు. దానికి గొలుసు, తాళం. మద్రాసు నుంచి ఎవరో పెద్ద దొర క్రిస్మసు వారంలో వేటకు వస్తారట. పడవలు తిరిగితే పరజలు బెదిరి సర్కారు కాలవల వైపు పోతాయట. కనుక వేట రోజుల్లో క్లబ్బు పడవలు తప్ప వేరేవి పోకూడదు.

తాళంచెవి నాన్నగారి దగ్గర. ఆనరరీ వార్డెన్ అని ఇత్తడి బ్యాడ్జి ఇచ్చారు.

నేను అడిగాను. రోగులో, మరి మీ మాటో అని. నాలుగు రోజుల ముచ్చటేనమ్మా, తాళంచెవి వేరేవాడి చేతిలో ఉండటం కంటే నా చేతిలో ఉండటం మంచిది కదా, అందుకే ఒప్పుకున్నాను అన్నారు. వినటానికి బాగానే ఉంది. ఆయన మాటలెప్పుడూ వినటానికి బాగానే ఉంటాయి. మాట్లాడుతూనే బ్యాడ్జిని ఉత్తరీయంతో తుడుస్తున్నారు.

డిసెంబరు 19.

జ్వరం పిల్లని తీసుకొచ్చిన పడవని నాన్నగారు తాళం తీసి పంపారు. కానీ ముందు సైకిలు మీద మనిషిని భీమశంకరం గారి దగ్గరకి పంపి, సరేననిపించుకున్నాక పంపారు. గంట పట్టింది. ఇదేమిటండీ అంటే, పద్ధతి ప్రకారం వెళితే ఎవరికీ మాట రాదు అన్నారు. నిన్న ఇక్కడికి వచ్చిన భీమశంకరం గారు నన్ను చూసి, ఊరందరిదీ ఒక దారి, మీ అమ్మాయిది ఒక దారి మాస్టారండీ అని నవ్వారు. నాన్నగారూ నవ్వారు.

డిసెంబరు 25.

బ్యాడ్జి పెట్టుకునే చర్చికి వచ్చారు.

డిసెంబరు 27, సాయంత్రం. ఏలూరు ఆసుపత్రి వరండా.

చేతులు కడుక్కుని వచ్చాను. రాస్తాను.

నిన్న లంకలో మల్లయ్య భార్య గంగారత్నానికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే చుట్టుదారిన వెళ్లాను. బిడ్డ అడ్డం తిరిగింది. నా వల్ల కాదు, డాక్టరు ఉండాలి. ఈ ఉదయం పడవలో గడ్డి పరిచి పడుకోబెట్టి, తిన్నగా కొత్త దారిలో పెట్టించాను. వేట రోజని తెలుసు. తెలిసే పెట్టించాను. చివర నాన్నగారున్నారు కదా అనుకున్నాను.

దారి పొడుగునా తుపాకులు. పిట్టలు మా మీదుగానే ఎగురుతున్నాయి. రేవు కనబడింది, వెదురు కనబడింది, వెదురు అవతల గొడుగు వేసుకుని నాన్నగారు కనబడ్డారు. తాళం తీయండి అని కేక వేశాను. ఆయన పెదవి మీద వేలు పెట్టారు.

నా తండ్రి నన్ను మాట్లాడవద్దన్నారు. పిట్టలు లేస్తాయని.

దగ్గరకొచ్చాక లోగొంతుతో చెప్పారు. దొర పడవ ఇక్కడే పక్క పాయలో ఉంది, ఇంకో విడత వేట అయితే భోజనానికి విజిల్ వేస్తారు, ఒక్క అరగంట, ఇంతలో ఏమీ కాదమ్మా అని. నేను నడుం లోతు నీళ్లలో దిగి వెదురు పట్టుకుని లాగాను. గొలుసు బిర్రుగా ఉంది. ఆ స్థితిలో గంగారత్నాన్ని నీళ్లలోంచి మోయించలేను. తాళంచెవి ఇవ్వండి అన్నాను. పెద్దింటమ్మ పేరు ఎత్తాను. ఆయన మొహం తిప్పుకున్నారు. జేబు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

మల్లయ్య గెడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గంగారత్నం కేక వేయకుండా చీరె కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరు చెప్పారు దానికి? ఎవరూ చెప్పలేదు. మాస్టారు గారు పెదవి మీద వేలు పెట్టటం చూసింది.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చిన్నప్పుడు ఈ సామెత నాకు పలక మీద రాయించింది ఆయనే.

విజిల్ వేశారు. తాళం తీశారు. బండి ఎక్కించి ఏలూరు చేర్చాం. ఇప్పుడు లోపల ఉంది.

డిసెంబరు 28.

ఇద్దరూ బతికారు. మగపిల్లాడు. డాక్టరమ్మ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని అన్నారు.

మధ్యాహ్నం నాన్నగారు బత్తాయిలు తీసుకుని వచ్చారు. గంగారత్నం మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చేశారు. బయటికొచ్చాక, చూశావా, ఏమీ కాలేదు, నువ్వు ఊరికే కంగారు పడ్డావు అన్నారు.

నాకు ఆ క్షణంలో ఏమనిపించిందో రాయాలంటే భయంగా ఉంది. అయినా ఇది ఎవరూ చూడని పుస్తకం. ఏదైనా అయి ఉంటే బాగుండుననిపించింది. ఒక నర్సుకి అలా అనిపించింది. ఆయన మీద అసహ్యం నన్ను అంతదాకా తీసుకుపోయింది. ఛీ, నేను కూడా.

జనవరి 5, 1936.

క్లబ్బు నుంచి రెండు పరజలు వచ్చాయి. మద్రాసు దొర మాస్టారి డిసిప్లిన్ మెచ్చుకున్నారని భీమశంకరం గారు కబురు పంపారు. నాన్నగారు కారం ఎక్కువ వేసి వండమన్నారు. వండాను. ఆయన తిని, కాస్త నీచు కొడుతోందే అన్నారు. పరజ నీచు కొట్టక ఏం చేస్తుంది?

జనవరి 20.

దొరలు వెళ్లిపోయారు. వెదురు తీసేశారు. గొలుసు క్లబ్బువాళ్లు పట్టుకుపోయారు.

ఈ రోజు మల్లయ్య పెళ్లాన్నీ బిడ్డనీ చూపించటానికి తీసుకొచ్చాడు. బిడ్డ బాగున్నాడు, నా వేలు పట్టుకుని వదల్లేదు. తెల్లవారకముందు బయలుదేరితే ఇప్పటికి చేరామండీ అన్నాడు. ఎండ నడినెత్తి మీదుంది. చుట్టుదారినే వచ్చారా, కొత్త దారి తెరిచే ఉంది కదా అన్నాను.

ఎందుకండీ, మాస్టారు గారికి మా మూలంగా ఇబ్బంది అన్నాడు. కోపమేమీ లేదు ఆ గొంతులో. అండీ ఎక్కడా తగ్గలేదు. గంగారత్నం కూడా, ఆయన పెద్దవారండీ, చల్లగా ఉండాలి అంది. వాళ్లు తిడితే నాకు హాయిగా ఉండేది.

లంకలవాళ్లందరూ అంతేనట. ఆ దారి వద్దని ముసలయ్య వాళ్లకి చెప్పాడట. దెబ్బలాటా లేదు, పిటీషనూ లేదు. వాళ్ల చేతులతో కోసిన దారిని వాళ్లే మానేశారు.

జనవరి 21.

ఆ మాట నాన్నగారితో చెప్పాను. అన్నం ముందు కూర్చుని ఉన్నారు. నేను చెబుతాను వాళ్లకి అన్నారు. తరవాత, నేను చెబితే వింటారా అని నన్ను అడిగారు. నేను మజ్జిగ పోయబోయాను. చెయ్యి కడుక్కున్నారు.

ఫిబ్రవరి 4.

కిక్కిస మళ్లీ లేస్తోంది. నాన్నగారు వాలంటీర్ల కోసం ఏలూరు వెళ్లి వచ్చారు. సీజను అయిపోయింది కదా మాస్టారండీ అన్నారట భీమశంకరం గారు. కూర్చోమని కూడా అనలేదట.

ఫిబ్రవరి 16. ఆదివారం.

నాన్నగారు ఈ రోజు కొడవలి తీసుకుని నీళ్లలో దిగారు. ఒక్కరే. పంచె ఎగగట్టి, మొలలోతులో, దారి మొగలో కోస్తున్నారు. అరవై రెండేళ్లు. నేను గట్టు మీద ఉన్నాను. దిగలేదు, ఇంటికీ పోలేదు.

లంకలకి తిరిగి వెళుతూ మల్లయ్య పడవ రేవు నుంచి బయలుదేరింది. నాన్నగారు నడుం నిటారు చేసుకుని చెయ్యెత్తి ఆ దారిలోకి రమ్మన్నారు. మల్లయ్య గెడ కింద పెట్టి, రెండు చేతులా దండం పెట్టాడు. తరవాత గెడ తీసుకుని పడవని చుట్టుదారికి తిప్పాడు.