వేలిముద్ర వేసే ముందు

శనివారం, ఇంటికొచ్చాక

హమ్మయ్య, హాస్టల్లోంచి పంపెయ్యలేదు.

అక్క సీమంతానికి నన్ను తీసుకెళ్దామని నాన్న రేపల్లె నుంచి బాపట్ల వచ్చాడు. అవుటింగ్ రిజిస్టర్లో సంతకం పెట్టమంటే "నాది వేలిముద్రేనండి" అన్నాడు. వార్డెన్ మేడం నా అడ్మిషన్ ఫారం తీసింది. అందులో నాన్న పేరుతో సంతకం ఉంది. అప్పట్లో ఆయన సముద్రం మీద వేటకెళ్తే నేనే గీసేశాను. ఒప్పేసుకున్నాను.

మేడం ఆ ఫారం కొట్టేసి, కొత్తది నాన్న ముందు పెట్టింది.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"ఏముందో చదవండమ్మా. విన్నాకే వేస్తాను."

పద్దెనిమిది రూల్సూ చదివింది. రెండేళ్లుగా అక్కడే ఉంటున్నా, నేనూ అన్నీ వినడం ఇవాళే.

"ఆరింటికి గేటేస్తారు, సరే. రాత్రిపూట పిల్లకి ఒంట్లో బాగోకపోతే తీస్తారా?"

"తీస్తామండి."

"మరి అది రాయలేదేంటి?"

మేడం పెన్ను తీసుకుని అడుగున రాసింది. అప్పుడు వేశాడు.

అమ్మకి చెప్తాడేమోనని ఇంకా భయంగానే ఉంది. బస్సులో మాత్రం తిట్టలేదు. చెరుకుపల్లి దాటాక ఒక్కటే అడిగాడు.

"నా పేరు పెట్టేముందు నువ్వైనా చదివావా?"

"లేదు నాన్నా."