ఫిల్టరాయన వచ్చిన రోజులు

మార్చి 3, సోమవారం

ఫిల్టరాయన వచ్చాడు. మంచినీళ్ళ ఫిల్టర్‌లో నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ మార్చాలట. నీళ్ళు సన్నగా వస్తున్నాయని మా ఆవిడే ఫోన్ చేసి పిలిచింది. నాతో చెప్పలేదు. చెప్పినా నేను ఊఁ అనేవాణ్ణి, అది వేరే సంగతి.

యాభై దాటి ఉంటాయి. మీసానికి రంగు. వంటింటి గోడ మీది పెట్టె విప్పి, లోపలి నుంచి గొట్టం లాంటిది లాగాడు. తెల్లగా ఉండాల్సింది డికాషన్ రంగులో ఉంది. చూశారా అక్కయ్యా, ఇది లేకపోతే ఈ మట్టంతా మీ కడుపులోనే ఉండేది, అన్నాడు. అమ్మో అని మా ఆవిడ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. నాకూ కడుపు ఉంది. నన్నెవరూ అడగలేదు.

కొత్తది కవరు చింపి తీశాడు. రబ్బరు రింగుకి తడి రాసి, తిప్పుతూ లోపలికి నెట్టాడు. అంతే పని. కానీ మొదటి ట్యాంకు నీళ్ళు తాగకూడదట. నిండనిచ్చి పారబోయాలట. నిండేదాకా కూర్చున్నాడు. నీళ్ళు చుక్క చుక్కగా పడ్డాయి. మాటలు ధారగా పడ్డాయి.

ఆమె అక్కయ్య అయింది కాబట్టి నన్ను బావగారూ అంటున్నాడు. ఏ వరసన? నన్ను అడక్కుండానే నాకు బావమరిది పుట్టాడు.

టీ నాకు స్టీలు గ్లాసులో ఇచ్చింది. ఆయనకు పువ్వుల కప్పులో. అలాంటి కప్పు మా ఇంట్లో ఉందని నాకు తెలియదు.

మార్చి 4, మంగళవారం

నీళ్ళు ఎంత బాగున్నాయో అంటోంది. పొద్దుటి నుంచీ అదే పాట.

మార్చి 9, ఆదివారం

పక్కింట్లో పని ఉండి వచ్చాడట. మా గుమ్మంలోనూ ఆగాడు. నీళ్ళ మంచిచెడ్డలు అంకెల్లో చూపే మీటరు గ్లాసులో ముంచి, బంగారం అక్కయ్యా, బంగారం, అన్నాడు. మా ఆవిడకు ఆ అంకెలేం తెలుసు. అయినా వంగి మరీ చూసింది.

ఒక ఇంట్లో ఫిల్టర్ గురక పెడుతోందని పిలిచారట. పరిగెత్తుకుంటూ వెళ్తే గురక ఫిల్టర్‌ది కాదట, పక్కగదిలో పడుకున్న మామగారిదట. మా ఇంట్లోనూ అలాంటి ఫిల్టరే ఒకటుంది తమ్ముడూ, దానికి సర్వీసు చేసేవాడే దొరకలేదు, అంది మా ఆవిడ నన్ను చూపించి. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నేను గురక పెట్టను.

సాయంత్రం

నేను స్పిన్నింగ్ మిల్లులో చేశాను. ఆ హోరులో అరిచినా వినపడదు. సైగలతో గడిపేవాళ్ళం. ఇంటికొచ్చాక నోరు పెగిలేది కాదు. ఆమె చెబుతుంటే ఊఁ అనేవాణ్ణి. ఊఁ కూడా మాటే అనుకున్నాను.

ఆమె నవ్వు అంత పెద్దదని ఇన్నాళ్ళూ తెలియదు. పరాయివాడు వచ్చి బయటికి తీస్తే తెలిసింది. కడుపు మండుతోంది.

మార్చి 11, మంగళవారం

ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఫిల్టర్ మూత తీసి ట్యాంకులో ఉప్పు పోశాను. గరిటెతో కలిపాను. గరిటె కడిగి బోర్లించాను.

వాడికి చెడ్డపేరు రావాలి. ఆమె వాడిని తిట్టాలి. నేను వినాలి.

సాయంత్రం

తాగింది. మొహం వికారంగా పెట్టింది. ఏవండీ, ఉప్పగా లేవూ, అంది. ఉన్నాయి, వాడు వేసింది నాసి సరుకై ఉంటుంది, తియ్యటి మాటలు చెప్పి అంటగట్టిపోయాడు, అన్నాను. ఇంత పొడుగు మాట నా నోట వచ్చేసరికి ఆమె నన్ను వింతగా చూసింది.

ఫోన్ తీసింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను. పాపం నువ్వేం చేస్తావు తమ్ముడూ, మా బోరు నీళ్ళే అలాంటివి, రేపు తీరిక చూసుకుని రా, భోజనం ఇక్కడే చేద్దువుగాని, అంది.

భోజనం!

మార్చి 12, బుధవారం

వచ్చాడు. మీటరు ముంచాడు. అంకె చూసి, తుడిచి మళ్ళీ ముంచాడు. మొన్న వేసింది అప్పుడే పోయిందంటే కంపెనీ వాళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతారు అక్కయ్యా, అన్నాడు. నుదురు తుడుచుకున్నాడు. అది చూసి నాకు సంతోషంగానే ఉంది. దాచడమెందుకు.

తర్వాత మెంబ్రేన్ నుంచి ట్యాంకుకి వెళ్ళే సన్న గొట్టం ఊడదీశాడు. ఆ నీళ్ళు గ్లాసులో పట్టి మీటరు ముంచాడు. బాగున్నాయి. ట్యాంకులో ముంచాడు. బాగా లేవు. మళ్ళీ గొట్టం, మళ్ళీ ట్యాంకు. వేలు తడిపి నాలుకకు రాసుకున్నాడు. అప్పుడు నావైపు తిరిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

మెంబ్రేన్‌కేం కాలేదు అక్కయ్యా, ట్యాంకు కడిగితే సరిపోతుంది, అన్నాడు. కడిగాడు. ఆమె ఎంత బతిమాలినా భోజనానికి కూర్చోలేదు. వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నా చెవి దగ్గరికి వంగాడు. ఉప్పు తగ్గించండి బావగారూ, ఈ వయసులో బీపీకి మంచిది కాదు, అన్నాడు.

ఊఁ అన్నాను.

మార్చి 13, గురువారం

ఆమెకు చెప్పలేదు వాడు. పెద్దమనిషి. అందుకే ఇంకా మంట. నన్ను నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

మార్చి 20, గురువారం

వాడి బండి మా వీధిలోకి వచ్చింది. ఆమె గుమ్మంలోకి పోయి చెయ్యి ఊపింది. చూడనట్టే వెళ్ళిపోయాడు.

నేనేమైనా తప్పుగా అన్నానా అండీ, భోజనానికి పిలిస్తే తప్పా, పరాయివాడితో ఎక్కువ మాట్లాడానా, అని అడిగింది. నా దగ్గర జవాబు ఉంది. ఇవ్వలేదు.

మార్చి 26, బుధవారం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు కావలసినట్టే ఉంది. ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని గోడను చూస్తోంది.

మార్చి 29, శనివారం

నేనే నవ్విద్దామనుకున్నాను. పొద్దుటి నుంచీ మనసులో వల్లె వేసుకున్నాను. ఒక ఇంట్లో మామగారు గురక పెడుతుంటే ఫిల్టర్ అనుకున్నారట, అన్నాను. అసలు సంగతి ముందే చెప్పేశానని అన్నాక తెలిసింది. పైగా అది వాడి కథ. నాకు వేరే కథలు రావు.

ఊఁ, అంది ఆమె.

అది నా మాట. అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఆమె కూరలకు వెళ్ళింది. ఫిల్టర్ మీది స్టిక్కర్‌లో నంబరు చూసి ఫోన్ చేశాను. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, అన్నాను.

మళ్ళీ వేశారా బావగారూ, అన్నాడు.

ఇంకా వెయ్యలేదు, నువ్వు రాకపోతే వేస్తాను, అన్నాను.

పగలబడి నవ్వాడు. నా మాటకే నవ్వాడు. రేపు పొద్దున వస్తానన్నాడు.

వాడంటే నాకిప్పటికీ పడదు. రమ్మన్నంత మాత్రాన పడుతుందా.

ఏప్రిల్ 3, గురువారం, పొద్దున

చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాను. ఎవరింటికి, అంది మా ఆవిడ.

మనింటికే, అన్నాను.