నోఆటక్‌లో ఆగిన విమానం

కోట్జెబూ
6 అక్టోబరు 1981

ప్రియమైన ఈనోక్,

చేరాను. పైలట్ నన్నూ, నా సంచినీ, కివలినాలో దించాల్సిన బంగాళాదుంపల బస్తాలనూ వరసగా తూకం వేసి, "బస్తాలే నయం, కదలకుండా కూర్చుంటాయి" అన్నాడు. కొండ దాటగానే గాలి మమ్మల్ని ఎత్తి కుదేసింది. కింద సగం మంచు, సగం ఎర్రటి గడ్డి. కారిబూ దుప్పుల మందలు బారులు తీరి దక్షిణానికి పోతున్నాయి.

ఆసుపత్రి పక్కనున్న ఈ గర్భిణుల ఇంట్లో మేం ఎనిమిది మందిమి. అందరినీ కాన్పుకు నెల ముందే ఊళ్ల నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. ఏ విమానం చప్పుడైనా అందరం కిటికీకి అతుక్కుపోతాం. నాకు కాలు నిలవడం లేదు. శుక్రవారం వచ్చెయ్.

నీ డోరా

పాయింట్ హోప్
10 అక్టోబరు

ప్రియమైన డోరా,

రాలేకపోయాను. పెదనాన్న ఇంటి పొయ్యి గొట్టం ఊడిపోయింది. మన ఊళ్లో విమానాల పని చూసే మేబెల్ అత్త నీ ఉత్తరం చేతికిస్తూ, "వెళ్లరా, ఎదురుచూస్తోంది" అంది. ఇంకా చాలా రోజులుందిగా. సముద్రం గడ్డకట్టి గట్టిపడితే మంచు మీద నా స్నోమెషీన్ బండి తోలుకుంటూ వచ్చేస్తాను. చిక్కిపోకుండా వేళకు తిను.

నీ ఈనోక్

కోట్జెబూ
14 అక్టోబరు

ప్రియమైన ఈనోక్,

స్నోమెషీనా! సముద్రం గట్టిపడేసరికి నీ బిడ్డ పాకుతుంటుంది. పోయిన వసంతంలో నువ్వెక్కిన విమానం మంచు మీద కూలితే, ఆ కథ చెప్పి ఊరంతటినీ పొట్ట పట్టుకుని నవ్వించావు. అలాంటివాడికి గంటన్నర ప్రయాణం బరువైందా?

రోజూ ఎయిర్‌స్ట్రిప్ దాకా నడుస్తున్నాను. "ఎక్కి పారిపోతావా ఏంటి?" అని నర్సు కేకలేసింది. "ఎక్కనిస్తే అదే చేస్తా" అన్నాను.

నీ డోరా

పాయింట్ హోప్
20 అక్టోబరు

ప్రియమైన డోరా,

ఈసారి గాలి బాగాలేక విమానమే రాలేదు. వల కూడా వేసి ఉంచాను, వదిలి రాలేను. కోప్పడకు.

నీ ఈనోక్

కోట్జెబూ
25 అక్టోబరు

ఈనోక్,

రాలేదన్న ఆ విమానంలోంచే మన పాస్టర్ గారు ఇక్కడ దిగారు. ఆకాశం అద్దంలా ఉందన్నారు.

ఇక రమ్మనను. బిడ్డ అడ్డం తిరిగిందట. గురువారం దాకా చూసి, ఆంకరేజ్‌లోని పెద్దాసుపత్రికి పంపుతారట. తెలియాలని రాశాను.

డోరా

నోఆటక్
28 అక్టోబరు

ప్రియమైన డోరా,

పొయ్యి గొట్టం ఊడలేదు. వల వేయలేదు. మూడుసార్లు సంచి పట్టుకుని విమానం దాకా వెళ్లాను. ప్రొపెల్లర్ తిరగగానే భయమేసి వెనక్కి వచ్చేసేవాణ్ణి. మేబెల్ అత్త ఏమీ అడగకుండా, "సరే, ఇంకోసారి" అనేది. తను ఎవరికీ చెప్పలేదు.

వసంతంలో ఆ మంచు మీద, కాలు విరిగిన పైలట్ అరుస్తుంటే నేను కదలలేక ఏడుస్తూ కూర్చున్నాను. ఊరు నవ్వాలని దాన్ని వేరేగా చెప్పాను. నువ్వూ నవ్వావు. ఆ తర్వాత నిజం చెప్పే దారి కనబడలేదు.

నిన్న నీ ఉత్తరం చదివి, "కట్టేసైనా ఎక్కించు" అన్నాను అత్తతో. తనే బెల్టు బిగించింది. "ఇక అరిచినా నాకు వినబడదు" అని తలుపు మూసింది. కివలినా దాటేదాకా కళ్లు తెరవలేదు. "చూడవోయ్, నది దాటుతున్నాయి!" అని పైలట్ నా భుజం తట్టాడు. వందల కారిబూలు, పలచటి మంచును పగలగొట్టుకుంటూ. చూశాను. భయం పోయిందనుకోకు, చెమటకు చొక్కా తడిసి ముద్దయింది.

దారిలో ఈ నోఆటక్‌లో దిగగానే పొగమంచు కమ్మేసి విమానం ఆగిపోయింది. రాత్రికి మమ్మల్ని బడిలో ఉంచారు. పొద్దున రేడియోలో ఊళ్ల కబుర్లు చదువుతూ, "పాయింట్ హోప్ ఈనోక్‌కి: ఆడపిల్ల. తనంతట తనే సర్దుకుని వచ్చింది. తల్లి క్షేమం. తల్లి కోపంగా ఉంది" అన్నారు. బడంతా పగలబడి నవ్వింది. నేను ఏడ్చాను, అందరి ముందే.

పొగమంచు విడింది, పైలట్ విమానం రెక్కల మీద మంచు గీకుతున్నాడు. ఈ ఉత్తరం టపాలో వేయను, నా చేత్తోనే ఇస్తాను. నోటితో చెప్పబోతే మళ్లీ నవ్వించేస్తాను. నువ్వు చదువుతున్నంతసేపూ పాపను నేనెత్తుకుంటాను.

నీ ఈనోక్