పెద్దతాత చెంప మీది చుక్క

జూన్ 9
పాత రంగుల బొమ్మను నాచారంలో ఇచ్చి వచ్చాను, శుభ్రం చేయడానికి. గోడ మీద అంత మేర సున్నం తెల్లగా మిగిలింది.
సుగుణ పోయాక ఆమె తమ్ముడు రవీందర్ నన్ను అడిగింది ఇదొక్కటే. “అక్క ఉన్నన్ని రోజులు అడగలే బావా. మా తాతల కాలందది. చెంగిచెర్ల ఇంట్ల పెట్టుకుంట.” సరే అన్నాను. కాదనడానికి నేనెవరిని.

జూన్ 11
బొమ్మలో ఉన్నది సుగుణ తాతకు అన్న. అయిదేళ్లు నిండకుండానే పోయాడు, నూరేళ్ల కిందట. వరసకు పెద్దతాత. సుగుణ అలాగే పిలిచేది. దుమ్ము తుడుస్తూ — “పెద్దతాతా, అన్నం తిన్నవా?”
జరీ టోపీ. నవ్వని మొహం.

జూన్ 14
బొమ్మ బాగుచేసే అమ్మాయి, శిరీష, ఫోన్. “అంకుల్, చెంప మీద నల్లగున్నది మురికి కాదు. కాటుక. పొరలు పొరలుగ ఉన్నది.”
తెలుసు. ప్రతి అమావాస్యకూ దిష్టి చుక్క. మా చిన్ని బాబు చనిపోయిన ఏడాది మొదలుపెట్టింది సుగుణ. బొమ్మకు దిష్టేమిటే అన్నాను. “మరి మీకు పెట్టాల్నా? మిమ్ముల ఎవరు జూస్తరు?” ఇద్దరం నవ్వాం. బాబు పోయాక ఇంట్లో నవ్వు అదే మొదలు.
“తియ్యకుంటే ఆ జిడ్డుకు రంగు లేస్తది అంకుల్. తియ్యాల్నా?”
తీస్తే బొమ్మ దక్కుతుంది. సుగుణ వేలి గుర్తు పోతుంది...

జూన్ 15
శిరీషకు ఫోన్ చేసి, ఇంకొన్ని రోజులు కావాలన్నాను.

జూన్ 18
రవీందర్ వచ్చాడు. “ఆ చుక్క తీసెయ్యమను బావా. సూసినోళ్లు పుట్టుమచ్చ అనుకుంటరు. ఆ ఎడమ చెయ్యి గూడ పూర్తి జేయించు. సగం గీసి ఇడిసిపెట్టిండు.”
చెయ్యి మాత్రం వద్దన్నాను. చిత్రకారుడు మొహం ముగించి మర్నాడు వచ్చేసరికి పిల్లవాడికి జ్వరం. మళ్లీ కూర్చోలేదు. ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెడతాం, చెయ్యి ముగించమన్నారట ఇంట్లోవాళ్లు. “అది ఈ పిల్లగాని చెయ్యి గాదు గద” అన్నాడట. బొగ్గు గీతలు అలాగే వదిలి వెళ్లాడు. సుగుణకు వాళ్ల నానమ్మ చెప్పింది.
“అక్క నాకెప్పుడు జెప్పలే” అన్నాడు రవీందర్.
చుక్క సంగతి మళ్లీ ఇద్దరం ఎత్తలేదు.

జూన్ 21
వర్షం. నాచారం పోదామని ఉప్పల్ చౌరస్తా దాకా వెళ్లి, వెనక్కి వచ్చాను.

జూన్ 24
నాచారం. బొమ్మ మూలన సంతకం బయటపడింది. ఉర్దూ — సగం చెరిగిపోయి. శిరీషకు చదవడం రాలేదు. నాకూ.
చుక్క తియ్యమన్నాను.
దూది తడిపి, చుక్క అంచున ఒకవైపు అద్దింది. మొహమంతా ఎప్పుడో పచ్చబడింది. అక్కడ మాత్రం నిన్న వేసినట్టు రంగు. చిన్న పిల్లవాడి చెంప. జ్వరం రాకముందుది.
“కాటుక కిందున్నది గదా, గందుకే గిట్ల మిగిలింది. ఇన్నేండ్లు కాపాడింది. ఇప్పుడు గదే రంగును తింటున్నది అంకుల్.”
ఇన్నేళ్లూ దాని మీదే వేలు పెట్టింది సుగుణ. ఆ రంగు ఆమె చూడలేదు.
“మిగిలింది గూడ తియ్యాల్నా?”
ఆగమన్నాను. దూది మీద నలుపు.

జూన్ 25
పొద్దున్నే రవీందర్ ఫోన్. అయిందా అని. సగం అయింది అన్నాను.
“సగమేంది బావా? చుక్కనే గద.”
అవును. చుక్కే.