ఆ నల్ల విండో మూసెయ్యకు

రష్మితా, ముందు ఇది చదువు, తర్వాతే నీ ల్యాప్‌టాప్ ముట్టుకో. తెరిచి ఉన్న ఆ నల్ల విండో మాత్రం మూసెయ్యకు. కొత్తది తెరిచావో, ఫైళ్ళ జాబితా అడిగే ls అని కొట్టినా అలాంటి ఆదేశమేమీ లేదంటుంది.

తప్పు నాదే. గో అనే ఆ ప్రోగ్రామింగ్ భాష ఎక్కించాక, అది ఎక్కడుందో చెప్పాలి కదా అని .bashrc ఫైల్లో PATH లైను రాశాను. అందులో గో అడ్రసొక్కటే పెట్టాను. ఇక కొత్త విండోలు ఏ ఆదేశం కొట్టినా పాత చోట్లన్నీ వదిలేసి అక్కడొక్కచోటే వెతుకుతున్నాయి. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినదాన్ని, కొత్త నంబరొచ్చిందని పాత డైరెక్టరీ చింపేసినట్టు చేశాను చూడు!

పాత విండోలోంచే ఆ ఫైలు తెరిచి, నా లైను చివర :$PATH చేర్చు, పాత చోట్లు కూడా కలుస్తాయి. అంతే అనుకుంటా. నేనే చేసేదాన్ని, కానీ మా ఎక్స్ఛేంజి జెసింత కింద కార్లో కూర్చుని ఒకటే హారన్. ఉడుపి వెళ్ళాలి. రెండింటికి నీకు మీటింగుంది, అందుకే ఈ చీటీ.

అడక్కుండా ముట్టుకున్నానని కోప్పడకు. గో నేర్పమని అడిగితే “తర్వాత అత్తయ్యా” అంటావు. నీ తర్వాతకి మూడు వారాలు నిండాయి.

బన్స్ స్టీలు డబ్బాలో ఉన్నాయి, తిను.

— అత్తయ్య

అన్నట్టు, కొత్త విండోలన్నిటికీ మతి పోతే ఆ పాతదానికి మాత్రం ఎలా గుర్తుంది? ఇక ఉడుపి దారంతా నాకిదే ఆలోచనగా ఉంటుంది. సరిచేశాక కూడా దాన్ని మూయకు. నేనొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని చూపించు. తర్వాత కాదు, ఇవాళే.